బొంబాయి నుంచి కువైట్‌కు మూడున్నర గంటలు

పోయిన వారం జుబేదా ఉమ్రాకు బయలుదేరుతోందని తెలిసి దబీర్‌పురాలో వాళ్లింటికి వెళ్లాను. మా ఇద్దరికీ అరవై దాటాయి. స్నేహానికే యాభై ఏళ్లు. హాలు నిండా పెట్టెలు, వాటికి చుట్టిన టేపు, కొత్త బట్టల వాసన. ఒక మూల వాళ్ల పెద్దమ్మాయి మామిడికాయ పచ్చడి డబ్బాకు మూడో ప్లాస్టిక్ కవరు తొడుగుతోంది. జుబేదా కోడలు నస్రీన్ నాకు చాయ్ ఇచ్చి, పక్కన కూర్చుని ఫోన్‌లో ఒక మ్యాపు చూపించింది. శంషాబాద్ నుంచి జెద్దాకు సముద్రం మీదుగా కొంచెం వంగిన గీత. కింద అంకెలు: నాలుగు వేల కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, ఆరు గంటలకు కాస్త తక్కువ. "విమానం ఎక్కడున్నదో ఇండ్లనే కనవడ్తది ఆంటీ, మీకు గూడ లింకు పంపిస్త" అంది. నేను ఆ గీతను అలాగే చూస్తూ ఉండిపోయాను. కళ్లు చెమర్చినట్టున్నాయి, జుబేదా పసిగట్టింది. "ఐసే క్యా రోతీ గే సుజాతా! నేనేమన్న గుమ్ అయిపోతున్ననా?" అని నవ్వింది.

గుమ్ అంటే తప్పిపోవడం. ఆ మాట వినగానే నేనూ నవ్వాను. కానీ మా ఇంట్లో ఒక మనిషి నిజంగానే అలా తప్పిపోయింది. అడవిలో కాదు, జాతరలో కాదు. రెండు విమానాశ్రయాల మధ్య. పదకొండు రోజులు ఆమె ఏ దేశంలో ఉందో కూడా మాకెవరికీ తెలియలేదు. ఆమె మా సత్తెమ్మ అత్త, బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు. నేనప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్నాను.

మా ఇల్లు ఛత్రినాకలో. ముందు రెండు గదులు, వెనక బర్రెల కొట్టం, మేడ మీద ఒక గది, దాని ముందు రేకుల వరండా. ఇల్లు అంటున్నాను గానీ, అసలు ఇల్లు బర్రెలదే, మేము వాటి పక్కన సర్దుకుని ఉండేవాళ్లం అనిపించేది. తెల్లారకముందే బాపు, అమ్మ పాలు పిండేవారు. నానబెట్టిన పల్లిచెక్క వాసన, పచ్చిగడ్డి వాసన, పిడకల పొగ, పొయ్యి మీద మరుగుతున్న పాల వాసన, ఇవన్నీ కలిసి మా బట్టల్లోకి, జడల్లోకి, పుస్తకాల్లోకి కూడా ఎక్కేవి. బళ్లో నా పక్కన కూర్చోవడానికి కొందరు పిల్లలు ముక్కు చిట్లించేవారు. జుబేదా మాత్రం నా భుజం మీద తల పెట్టి, "నీ దగ్గర మలాయ్ వాసన వస్తది" అనేది. బాపు సైకిల్‌కు రెండు వైపులా క్యాన్లు కట్టుకుని దబీర్‌పురా దాకా పాలు పోసి వచ్చేవాడు. జుబేదా వాళ్ల నాన్న గౌస్ భాయ్‌కు అక్కడ గాజుల దుకాణం ఉండేది. పాలు పోయడానికి వెళ్లిన బాపును చాయ్ తాగకుండా కదలనిచ్చేవాడు కాదు. మా రెండిళ్ల స్నేహం ఆ చాయ్‌తోనే మొదలైందంటారు.

ఇంటి పెత్తనం నాయనమ్మది. బాపు, అత్త ఆమెను అవ్వ అని పిలిచేవారు. ఆమె బాపును పేరు పెట్టి మల్లేశం అనేది. పొద్దున్నే కొట్టం గడపలో పీట వేసుకుని కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. ఏ బర్రె సరిగ్గా మేయలేదో, ఏ ఇంటి నుంచి ఎవరు పాలకు రాలేదో, ఎవరి కోడలు పుట్టింటికి పోయిందో, అన్నీ ఆమెకు అక్కడి నుంచే తెలిసేవి. చదువు లేదు. గడియారం చూడటం కూడా రాదు. అయినా కొట్టం గోడ మీద ఎండ ఎంత దిగిందో చూసి టైము చెప్పేది, పెద్దగా తప్పేది కాదు.

సత్తెమ్మ అత్తకు పద్దెనిమిదో ఏట పెళ్లయింది. మూడేళ్లకు ఆయన ఇంకొకామెను తెచ్చుకుని, అత్తను పుట్టింట్లో దింపి వెళ్లిపోయాడు. ఇంట్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ సంగతి గట్టిగా చెప్పాలి. కానీ ఇంటికి వచ్చేవాళ్లు ఊరుకోరు కదా. పాలకు వచ్చినవాళ్లు, పండుగకు వచ్చిన చుట్టాలు, బోనాలకు కుండలు కొనడానికి పోతే అక్కడ కుమ్మరామె కూడా, అందరూ ఒకటే అడిగేవారు: "ఏం పిల్లా, మీ ఆయన మల్ల వచ్చిండా?" అత్త లోపలికి పోయి కుట్టుమిషను తొక్కేది. మా వీధిలో సగం మంది జాకెట్లు ఆమె కుట్టినవే. ఆ మిషను చప్పుడు ఎంత జోరుగా వినిపిస్తే ఆ రోజు అంతమంది ఆ ప్రశ్న అడిగారని నేను లెక్కేసుకునేదాన్ని. ఏడేళ్లు అలా గడిచాయి.

ఒకరోజు జుబేదా వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె చెల్లెలు, మేమందరం ఖాలా అని పిలిచే ఆవిడ, కువైట్‌లో ఆడవాళ్ల బట్టలు కుట్టే ఒక పెద్ద కార్ఖానాలో పని చేస్తోంది. అక్కడ చెయ్యి తిరిగిన మనిషి ఇంకొకరు కావాలట. "మీ సత్తెమ్మ చెయ్యి చూసిన నేను. అసొంటి చెయ్యి గీడ జాకెట్లకే అయిపోవాల్నా?" అందామె. అత్త మిషను ఆగిపోయింది. లోపలి నుంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడి, "నేను పోత" అంది. ఎవరినీ అడగలేదు, చెప్పింది. ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

నాయనమ్మ ఒప్పుకోలేదు. నాలుగు రోజులు ఇంట్లో లొల్లి. "భూమ్మీదున్న ఊరికి పోతనంటె పంపిస్త. బండెక్కి పోయి సూసొస్త. గాల్లకెల్లి పోయే దేశానికి నేనేడికెల్లి రావాలె?" అని ఆమె వాదన. బాపు మధ్యలో నలిగిపోయి బర్రెల దగ్గరే ఎక్కువసేపు ఉండేవాడు. చివరికి ఆ గొడవను తీర్చింది మా మేడ మీద అద్దెకుండే మూర్తిగారు. ఆయనది తెనాలి వైపు. మ్యాపులు గీసే సర్కారు ఆఫీసులో ఉద్యోగం. సన్నటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్లు. అత్త విషయం విని ఒక ఆదివారం పొద్దున తన గ్లోబు పట్టుకుని కిందికి దిగివచ్చి నాయనమ్మ పీట ముందు గొంతుక్కూర్చున్నాడు.

"చూడండి పిన్నిగారూ, ఇది బొంబాయి. ఇదిగో, ఇది కువైట్. మధ్యలో ఉన్నది ఈ చారెడు సముద్రమే" అంటూ దారం పెట్టి కొలిచాడు. "రెండు వేల ఏడు వందల యాభై కిలోమీటర్లుంటుందండీ. విమానం గంటకు ఎనిమిది వందలు పోతుందనుకోండి. మూడున్నర గంటలు."

"మూడున్నర గంటలా?" నాయనమ్మ నమ్మలేదు. "మొన్న మా మల్లేశం గడ్డికోసం శంషాబాద్ పోయి రానీకె గంతకంటె ఎక్కువైంది."

"అదేనండీ నేను చెప్పేది. ఇంకో విశేషం వినండి. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. పొద్దున పదింటికి బొంబాయిలో ఎక్కితే, అక్కడ దిగేసరికి వాళ్ల గోడ మీద పదకొండే అవుతుంది."

నాయనమ్మ కొట్టం గోడ మీద ఎండ వైపు చూసింది. "అంటే గంటనే" అంది.

మూర్తిగారు అది కాదని చెప్పబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. ఆ గంటే ఆమెను ఒప్పించింది. ఆ సాయంత్రం నుంచి వచ్చిన వాళ్లందరికీ తనే చెప్పేది: "మా సత్తెమ్మ పోయే ఊరు గంట దూరం. ఇడిసిపెట్టి ఉండలేకపోతె మల్ల గంటల వచ్చేస్తది." అత్త ఆ మాట వినీ విననట్టు తన ఇనప పెట్టె సర్దుకునేది.

అత్తను బొంబాయి దాకా తీసుకెళ్లే పని గౌస్ భాయ్ చూశాడు. వాళ్ల చుట్టాల కుటుంబం ఒకటి పెళ్లికి బొంబాయి పోతోంది. వాళ్లు రైల్లో ఆమెను వెంట తీసుకెళ్లి అక్కడి ఏజెంటుకు అప్పగించాలి, ఆయన విమానం ఎక్కించాలి, కువైట్‌లో ఖాలా వచ్చి దింపుకోవాలి. నాంపల్లి స్టేషన్లో రైలు కదిలేటప్పుడు అందరం ఏడ్చాం, అత్త తప్ప. ఆమె కిటికీలో నుంచి నా చెయ్యి పట్టుకుని, "మిషను మీద బట్ట కప్పు, దుమ్ము వడ్తది" అంది. అంతే.

విమానం రోజు నాకిప్పటికీ గుర్తుంది. పది గంటలకు నాయనమ్మ పీట మీద కూర్చుని, "ఎక్కింది" అంది. అన్నం వద్దంది, నీళ్లు వద్దంది. గాల్లో ఉన్న పిల్లకు తాను కదిలితే కుదుపు తగులుతుందేమో అన్నట్టు కూర్చుంది. పదకొండు దాటాక, "గంట అయింది గద" అని నావైపు చూసింది. ఇంకా రెండున్నర గంటలుందని ఆమెకు చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. మూర్తిగారు ఆ రోజు ఒంటిపూట సెలవు పెట్టి ఇంటికి వచ్చాడు. సరిగ్గా ఒకటిన్నరకు చేతి గడియారం చూసుకుని, మెట్ల మీద నుంచే, "దిగిపోయిందండీ పిన్నిగారూ!" అని కేక వేశాడు. నాయనమ్మ దండం పెట్టింది. అమ్మ అన్నాలు వడ్డించింది. ఆ పూట తిన్నంత నెమ్మదిగా మేమెప్పుడూ తినలేదు.

దిగగానే ఖాలా టెలిగ్రాం ఇస్తానంది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పెళ్లి నుంచి తిరిగి వచ్చిన ఆ కుటుంబం, ఏజెంటుకు అప్పగించే వచ్చామని ఖాయంగా చెప్పింది. మా వీధిలోకి పోస్టుమ్యాన్ సైకిలు వస్తే చాలు, నాయనమ్మ పీట మీద నుంచి లేచేది. ఆమె అలా పదిసార్లు లేవడం, పదిసార్లు కూర్చోవడం చూడలేక అమ్మ ఆ టైముకు నన్ను వీధి మొగన నిలబెట్టేది. ఆరో రోజు మధ్యాహ్నం గౌస్ భాయ్ తానే వచ్చాడు. దుకాణం వదిలి ఆయన మా ఇంటికి రావడమే ఒక వింత. బాపును పక్కకు పిలిచాడు గానీ కొట్టంలో పక్క అంటూ ఏముంటుంది, అందరికీ వినిపించింది. ఖాలా పొద్దున ట్రంకాల్ చేసిందట. విమానం వచ్చింది, జనం దిగారు, సత్తెమ్మ దిగలేదు. తర్వాతి విమానంలో వస్తుందేమోనని ఇన్నాళ్లూ చూసింది. ఏజెంటుకు ఫోన్ చేస్తే గంట మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

"మరి ఎక్కలేదా? ఎక్కితె ఏడ దిగింది?" అని అమ్మ అడిగింది.

నాయనమ్మ అరవలేదు. మెల్లగా తల తిప్పి మెట్ల దగ్గర నిలబడ్డ మూర్తిగారిని చూసింది. "సారు, దిగిందంటివి గద" అంది. ఆయన ముఖం పాలిపోయింది. వచ్చి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. "నేను గాల్లో ఉండే టైమే లెక్కేశానండీ. నేల మీద ఏం జరుగుతుందో నేను లెక్కేయలేదు" అన్నాడు. తర్వాత బాపు వైపు తిరిగి, "మల్లేశంగారూ, మనం బొంబాయి వెళ్దాం. అక్కడ ఆఫీసుల్లో ఇంగ్లీషు కావాలి, నాకు వచ్చు. ఇవాళే వెళ్దాం" అన్నాడు. అద్దెకుండే మనిషి, మాకు ఏమీ కాని మనిషి. ఆఫీసుకు చీటీ రాసి పడేసి ఆయన బాపుతో రైలెక్కాడు. బాపు అప్పటిదాకా బీదర్ దాటి పోలేదు.

వాళ్లు వెళ్లిన ఆ నాలుగైదు రోజులు కొట్టం అమ్మదీ నాదీ. బర్రెలు బాపు చేతికి అలవాటు పడ్డవి. నేను కూర్చుంటే పాలు ఎగబట్టేవి. ఒకటైతే తన్నింది కూడా. బాపు పాడే కూనిరాగం నాకు రాదు, దాని బదులు బళ్లో నేర్పిన పద్యాలు చదివాను. రెండో రోజుకు అవి కూడా సర్దుకున్నాయి. పాలు పోయడానికి దబీర్‌పురా నేనే నడిచి వెళ్లేదాన్ని. జుబేదా దారి మధ్యదాకా ఎదురొచ్చి ఒక క్యాను అందుకునేది. వాళ్ల ఇంట్లో వాళ్లమ్మ ప్రతి నమాజులో అత్త పేరు తలుచుకుంటోందని ఒకసారి చెప్పింది. ఇక్కడ నాయనమ్మ అమ్మవారికి బోనం మొక్కుకుంది. పీట మీద కూర్చోవడం మానేసి అత్త కుట్టుమిషను పక్కన నేల మీద కూర్చునేది. నేను కప్పిన బట్టను రోజుకోసారి తీసి దులిపి మళ్లీ కప్పేది.

బొంబాయిలో జరిగింది బాపు తర్వాత చాలాసార్లు చెప్పాడు కనుక నేను చూసినట్టే ఉంటుంది. ఏజెంటు ఆఫీసుకు తాళం వేసి ఉంది. పక్క దుకాణాల వాళ్లను అడుగుతూ రెండు రోజులు తిరిగారు. మూడో రోజు పొద్దున ఒక మసీదు పక్క సందులో, ఏజెంటు మనుషుల్ని ఉంచే గది దొరికింది. లోపల కడప వైపు ఆడవాళ్లు నలుగురున్నారు. తెలుగు మాట వినగానే వాళ్లే ముందుకు వచ్చారు. "సత్తెమ్మక్కనా? ఇప్పుడే పోయినాది గదన్నా, విమానానికి!" అన్నారు. అసలు సంగతి అప్పుడు తెలిసింది. మొదటిసారి విమానాశ్రయంలో కాగితాలు చూసే ఆయన, పెళ్లయిన ఆడమనిషికి భర్త సంతకం ఉండాలని ఆపేశాడట. వదిలేసి పోయిన భర్త సంతకం ఎక్కడి నుంచి వస్తుంది? లాయరు దగ్గర తన సంగతంతా తానే చెప్పుకుని కాగితం రాయించుకునేసరికి ఇన్నాళ్లు పట్టింది. ఈలోగా ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ జాకెట్లు కుట్టిందట.

బాపు, మూర్తిగారు టాక్సీలో శాంతాక్రజ్ విమానాశ్రయానికి పరుగెత్తారు. అక్కడి జనంలో అత్తను బాపు ఆమె మెడలోని టేపును బట్టి పోల్చుకున్నాడు. పొద్దున ఎవరికో కొలతలు తీసి, తీయడం మరిచిపోయి అలాగే వచ్చింది. వరుసలో ఆమె ముందు ఇద్దరే ఉన్నారు. బాపు "సత్తీ!" అని అరిచాడు. ఆమె తిరిగి చూసి, సంతోషపడాల్సింది పోయి, పెట్టెను గట్టిగా పట్టుకుందట.

"అవ్వ నిన్ను తోల్కరమ్మన్నది" అన్నాడు బాపు.

అత్త పెట్టె కింద పెట్టలేదు. "అన్నా, నువ్వు పొమ్మంటె పోత, రమ్మంటె వస్త. నీ మాట జవదాట. కానీ రమ్మనకు" అంది.

బాపు మూర్తిగారి వైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పమని. మూర్తిగారు అత్తనే అడిగాడు: "అమ్మా, మీకు అక్కడికి వెళ్లాలని ఉందా, ఇక్కడి నుంచి వెళ్లిపోవాలని ఉందా?" అత్త, "రెండూ ఉన్నయ్ సారు" అంది. వెనకున్నవాళ్లు నడవమని తొందరపెడుతున్నారు. బాపు చెల్లెలి మెడలో నుంచి టేపు తీసి, చుట్ట చుట్టి, ఆమె చేతిలో పెట్టాడు. "పైలం. పో" అన్నాడు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ మాట్లాడినా ఏడ్చేవాణ్ణి అని మాకు చెప్పాడు. తర్వాత ఇద్దరూ బయట రోడ్డు మీద నిలబడ్డారు. ఏది ఆమె విమానమో తెలియదు. మూర్తిగారు టైము చూసి ఇదే కావచ్చు, అదే కావచ్చు అంటుంటే బాపు, "ఏదైతేంది సారు, అన్నిటికి దండం వెడ్త" అని పైకి లేచిన ప్రతి విమానానికీ దండం పెట్టాడట.

రైలు టికెట్లు మర్నాటికి గానీ దొరకలేదు. నాంపల్లిలో దిగాక బాపుకు ఇంటికి రావడానికి ముఖం చెల్లలేదు. తోలుకురమ్మన్న మనిషిని చేతులారా సాగనంపి వచ్చాడు. తల్లికి ఏమని చెప్పాలి? స్టేషన్ బయట రెండు చాయ్‌లు తాగి, మూర్తిగారు భుజం పట్టి నడిపిస్తే, మధ్యాహ్నం వేళ తల వంచుకుని వీధిలోకి వచ్చాడు. కొట్టం దాకా వచ్చి ఆగాడు. లోపల నుంచి బెల్లం పాశం వాసన వస్తోంది. నాయనమ్మ పీట మీద కూర్చుని ఉంది. కొడుకును చూసి లేవలేదు. "కాళ్లు కడుక్కోని రా. పాశం సల్లగైతది" అంది.

బాపుకు అర్థం కాలేదు. "అవ్వా, సత్తెమ్మ..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు చెప్పేదేంది? అది మొన్ననే దిగింది" అంది నాయనమ్మ.

ఆ పొద్దునే టెలిగ్రాం వచ్చింది. బాపు బొంబాయిలో రైలు టికెట్ కోసం ఆగి ఉండగానే అత్త మూడున్నర గంటల్లో సముద్రం దాటింది. ఖాలా పంపిన రెండు ఇంగ్లీషు ముక్కలు ఆయనకంటే ముందు మా వీధికి చేరుకున్నాయి. చదివింది నేనే. క్షేమంగా చేరిందని అర్థం చెప్పాను. నాయనమ్మ నా చేత పదిసార్లయినా చదివించుకుంది. ఇంగ్లీషులో చదివించుకుని, తెలుగులో చెప్పించుకుని, మళ్లీ ఇంగ్లీషులో. ఆ తర్వాత మిషను దగ్గర నుంచి లేచి, తన పీట తెచ్చుకుని కొట్టం గడపలో వేసుకుంది. ఇదంతా విన్న బాపు అక్కడే బర్రెల మధ్య కూలబడి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా ముఖం తుడుచుకున్నాడు. మూర్తిగారు మెట్లెక్కి పోబోతుంటే నాయనమ్మ పిలిచి పాశం గిన్నె చేతికిచ్చింది. "నీ లెక్క తప్పలేదు సారు. పిల్లనే లేటుగ ఎక్కింది" అంది.

అత్త కువైట్‌లో పదకొండేళ్లు పని చేసింది. మధ్యలో వస్తూ పోతూ ఉండేది. తర్వాత అక్కడ చాలనిపించి వచ్చేసి, జల్‌పల్లిలో చిన్న స్థలంలో ఇల్లు కట్టుకుని, ముందు గదిలో కుట్టు నేర్పే బడి పెట్టింది. ఇప్పుడు ఎనభై దగ్గరికొచ్చాయి. మిషను తొక్కదు గానీ, కుర్చీలో కూర్చుని పిల్లల కుట్లు ఊడదీయిస్తుంటుంది. నాయనమ్మ లేదు, బాపు లేడు. ఉద్యోగం అయ్యాక తెనాలి వెళ్లిపోయిన మూర్తిగారు కూడా లేరు. ఛత్రినాకలో మా కొట్టం ఉన్న చోట ఇప్పుడు మూడంతస్తుల ఇల్లు, కింద సెల్‌ఫోన్ల దుకాణం. దూరాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. బొంబాయికీ కువైట్‌కూ మధ్య సముద్రం ఒక్క మూర కూడా తగ్గలేదు. విమానం వేగం కూడా ఆనాటికీ ఈనాటికీ పెద్దగా పెరగలేదట. మారిందల్లా ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ల టైము. మేము పదకొండు రోజులు మోసిన బరువును ఇప్పుడు ఎవరూ పదకొండు నిమిషాలు కూడా మోయనక్కర్లేదు. ఆ రోజుల్లోనే ఏదో గొప్ప ఆప్యాయత ఉండేదని, ఎదురుచూడటంలో అందం ఉండేదని కొందరు రాస్తుంటారు. నేను రాయలేను. మా నాయనమ్మ మిషను బట్ట దులపడం చూశాను. ఆ ఎదురుచూపు పోయినందుకు నాకు హాయిగానే ఉంది.

జుబేదాను సాగనంపిన రెండు రోజులకు జల్‌పల్లి వెళ్లాను. క్లాసు పిల్లలు వెళ్లిపోయారు. అత్త, నేను ముందు గదిలో చాయ్ తాగుతూ కూర్చున్నాం. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగని మాట ఆ రోజు అడిగాను. "అత్తా, బొంబాయిల ఆ పదకొండు దినాలు, ఒక్కదానివే, తెల్వని ఊరు. మస్తు భయపడ్డవ్ గదా?"

"భయమా?" అత్త కప్పు కింద పెట్టింది. "మొదటి దినం భయమైంది. మల్ల మంచిగ నిద్ర వట్టింది సుజాతా. ఏడేండ్ల సంది గసొంటి నిద్ర లేకుండె. ఆ రూములున్నోళ్లు నా పేరడిగిన్రు, ఊరడిగిన్రు, జాకెట్ కుడ్తవా అనడిగిన్రు. మీ ఆయన మల్ల వచ్చిండా అని ఒక్కరన్న అడగలే."

"మరి ఇంటికి ఒక్క టెలిగ్రాం ఇయ్యొచ్చు గద" అన్నాను. నిష్ఠూరంగా అనాలనుకోలేదు గానీ, గొంతులో కాస్త అదే వినిపించిందేమో.

అత్త నావైపు సూటిగా చూసింది. "ఏజెంటు అడిగిండు. ఇంటికి వైరు కొట్టమంటవా అని. నేనే వద్దన్న. వైరు అందితె మీ బాపు మల్ల దినమే వచ్చి తోల్కపోతుండె. గప్పుడు ఇగ నా బతుకంత ఆ కొట్టం ఎనకనే."

నాయనమ్మ తిండి మానేయడం, బాపు బొంబాయి వీధుల్లో తిరగడం, మూర్తిగారు పాలిపోయిన ముఖంతో నేల మీద కూర్చోవడం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆమె తప్పిపోలేదు, మోసపోలేదు, ఏడుస్తూ కూర్చోలేదు. మేమందరం ఏడుస్తున్నప్పుడు ఆమె హాయిగా నిద్రపోయింది. ఇన్నేళ్లుగా నా లోపల ఎక్కడో బిగుసుకుని ఉన్న ముడి ఒకటి వదులైనట్టయింది.

"బాపుకు తెలుసా ఈ సంగతి?"

"ఊహూ. మీ బాపు పానం తట్టుకోదు. అవ్వకు చెప్పిన. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడే, కొట్టంల ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పిన. కొడ్తదనుకున్న."

"ఏమన్నది?"

అత్త నవ్వింది. నవ్వితే ఆమె ముఖం ఇప్పటికీ అచ్చం నాయనమ్మ ముఖమే. "నా తలకాయ మీద చెయ్యి వెట్టింది. మంచిగ చేసినవ్ బిడ్డా, వైరు వచ్చుంటె నిన్ను తోల్కరానీకె నేనే మీ అన్నను పంపుతుంటి అన్నది."